హూ, విచ్, దట్‌లతో రెండున్నరేళ్లు: బస్సులో నేర్చుకున్న ఇంగ్లిష్

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఉండేది నల్లగొండలో. పోను రాను రోజూ బస్సే. తెలుగు మీడియం బీకాం. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది కానీ నోరు తెరిస్తే ముక్కలే వచ్చేవి. "లారీ రీచ్డ్", "పేమెంట్ పెండింగ్", "టుమారో ష్యూర్". ఈ ముక్కలతోనే పదిహేనేళ్లు నెట్టుకొచ్చాను.

2023 జూన్‌లో 1,800 రూపాయలు పెట్టి ఒక స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు కొన్నాను. ఫోన్‌లో వినే పాఠాలు, వెంట ఒక చిన్న పుస్తకం. పేరు చెప్పను, ఎందుకంటే అందులో సగం పాఠాలు నేను విననేలేదు. హోటల్లో ఆర్డర్ ఇవ్వడం, ఎయిర్‌పోర్టులో మాట్లాడటం లాంటివి నాకెందుకు? పనికొచ్చింది ఒక్క భాగం, రిలేటివ్ క్లాజులు ("నిన్న వచ్చిన లారీ"లో "నిన్న వచ్చిన" లాంటివి), నౌన్ క్లాజులు ("ఎక్కడున్నాడో తెలియదు"లో "ఎక్కడున్నాడో" లాంటివి). నిర్వచనాలు బట్టీ పట్టించకుండా, ఇంట్లో, కొట్లో, బస్టాండులో మనం మాట్లాడుకునే మాటలతోనే వాటిని నేర్పుతుంది. ముందు తెలుగులో ఇద్దరి మాటలు, తర్వాత అవే ఇంగ్లిష్‌లో, ఆ తర్వాత మన సొంత మాటలు నింపుకోవడానికి ఖాళీ గీతలు. అంతే. ఈ పద్ధతిని రెండున్నరేళ్లు వాడాక నాకు తెలిసింది రాస్తున్నాను.

అసలు క్లాజుల మీద పడటానికి కారణం ఒక ఫోన్ కాల్. పాలక్కాడ్ నుంచి ఒక వ్యాపారి మా దగ్గర బియ్యం తీసుకుంటాడు. ఒకసారి లోడు ఆలస్యమైంది. ఎందుకు లేటని అడిగాడు. అసలు సంగతి, సంచుల వాళ్లకు మేం అడ్వాన్స్ ఇచ్చాం, వాళ్లు సంచులు పంపలేదు. నేను చెప్పింది, "ద పార్టీ హూ పెయిడ్ అడ్వాన్స్ ఈజ్ లేట్". అవతల నిశ్శబ్దం. తర్వాత ఒక్క అరుపు. అడ్వాన్స్ కట్టి లోడు కోసం ఎదురుచూస్తున్నది ఆయనే కదా! పైసలు కట్టిందీ నేనే, లేటయిందీ నేనేనా అని ఆయన కోపం. నాకేమో ఎందుకు అరుస్తున్నాడో తెలియదు. చివరికి మా ఓనరు హిందీలో మాట్లాడి సర్దిచెప్పేసరికి ఒక పూట గడిచింది.

ఆ రాత్రి పుస్తకంలో చూస్తే తప్పెక్కడ జరిగిందో దొరికింది. తెలుగులో "అడ్వాన్స్ ఇచ్చిన పార్టీ" అంటే మనకిచ్చిన పార్టీ కావచ్చు, మనం ఇచ్చిన పార్టీ కావచ్చు. సందర్భాన్ని బట్టి మనకు తెలిసిపోతుంది కాబట్టి ఎవరూ తడబడరు. ఇంగ్లిష్‌లో ఆ సౌకర్యం లేదు. "హూ" తర్వాత వెంటనే పని వస్తే ఆ పని చేసింది ఆ మనిషే. "హూ" తర్వాత ఇంకో మనిషి వస్తే పని ఆ రెండో మనిషిది. "ద పార్టీ హూ పెయిడ్ అస్" అంటే మాకిచ్చిన పార్టీ. "ద పార్టీ హూ వి పెయిడ్" అంటే మేం ఇచ్చిన పార్టీ. ఈ రెండో రకంలో "హూ" తీసేసి "ద పార్టీ వి పెయిడ్" అన్నా సరిపోతుంది, మాటల్లో అదే ఎక్కువ. మొదటి రకంలో తీసేస్తే వాక్యం కూలిపోతుంది.

"నిన్న పంపిన లారీ" కూడా ఇలాంటిదే. ఎవరు పంపారో మనం చెప్పం, చెప్పాల్సిన పనిలేదు. నేనేమో "ద లారీ విచ్ సెంట్ యెస్టర్డే" అనేవాణ్ని, లారీయే ఏదో పంపినట్లు. "విచ్ వి సెంట్" అనాలి. మిల్లు మాటల్లో సగం ఇవే. పంపిన లారీ, తిప్పి పంపిన ధాన్యం, 17 శాతం దాటి తేమ ఉన్న వడ్లు, బిల్లు కట్టని పార్టీ. ఒక నోట్‌బుక్కులో ఎడమ వైపు తెలుగు, కుడి వైపు ఇంగ్లిష్ రాసుకుంటూ పోయాను. నెల తిరిగేసరికి మా ఆఫీసులో పుట్టే "వచ్చిన", "పోయిన", "ఇచ్చిన"లన్నీ అందులో చేరాయి. "ఉన్నోడు, లేనోడు" కూడా రాసుకున్నా, "దోజ్ హూ హ్యావ్" అని.

ఇంకో చిక్కు "లో", "తో", "మీద"లది. "నేను వచ్చిన బస్సు" అంటాం. బస్సులోనే వచ్చాను, కానీ ఆ "లో" వాక్యంలో కనిపించదు. ఇంగ్లిష్‌లో అది పోదు, తోకలాగా చివర తగులుకుంటుంది. "ద బస్ ఐ కేమ్ ఇన్". కూరగాయలు కోసిన కత్తి, "ద నైఫ్ ఐ కట్ ద వెజిటబుల్స్ విత్". ఈ తోక నాకు ఆరు నెలలు పట్టింది. ఇప్పటికీ హడావుడిగా మాట్లాడితే ఊడిపోతుంది.

పుస్తకం ఒక్కటే ఉంటే ఇంత దూరం వచ్చేవాణ్ని కాదు. బస్సులో రోజూ కలిసే ఒక సారున్నారు, మిర్యాలగూడ దగ్గర ప్రభుత్వ బడిలో సోషల్ చెప్తారు. ఆయనకూ ఇంగ్లిష్ మాట్లాడాలని ఉంది, పిల్లల ముందు తప్పు పోతుందని భయం. ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. నల్లగొండ బస్టాండు నుంచి తిప్పర్తి దాకా రిలేటివ్ క్లాజులు, తిప్పర్తి నుంచి వేములపల్లి దాకా నౌన్ క్లాజులు, అక్కడి నుంచి మిర్యాలగూడ దాకా ఇంటి సంగతులు, తెలుగులో. కిటికీలోంచి కనిపించినదల్లా వాక్యం చేయాలి. "ద ఓల్డ్ మ్యాన్ హూ ఈజ్ సెల్లింగ్ గువాస్", "ద ఫీల్డ్ దట్ హ్యాజ్ నో వాటర్". నేను తప్పు చెప్తే సార్, "తమ్మీ, హూ వెనక ఎవల్నన్న తేవాలె!" అనేవారు.

2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సు నిండిపోయి చాలా రోజులు నిలబడే మాట్లాడుకున్నాం. ఎండాకాలంలో ఒకరోజు మా పక్కన నిలబడ్డ ఒక అవ్వ చాలాసేపు మా మాటలు విని, "గింత ఎండల హూ హూ అంటున్నరేంది బిడ్డా, చలిజ్వరమా?" అనడిగింది. బస్సంతా నవ్వింది. ఆ తర్వాత వారం రోజులు సార్ "హూ" మానేసి అన్నిటికీ "దట్" వాడారు.

నౌన్ క్లాజుల దగ్గర ఈ పద్ధతి ఇంకా బాగా పనిచేసింది. మన "ఓ" గుర్తు పెట్టుకుంటే చాలు. "బస్సు ఎప్పుడు కదులుతుందో", "ఆయన ఎక్కడున్నాడో", "ఎంత అడుగుతాడో". ప్రశ్నకు "ఓ" తగిలిస్తే అది ప్రశ్న కాకుండా పోయి పెద్ద వాక్యంలో ఒక వస్తువులా ఇమిడిపోతుంది. ఇంగ్లిష్‌లో అలా ఇమిడేటప్పుడు మాటల వరస మారుతుంది. "వేర్ ఈజ్ హి?" అన్నది ప్రశ్న. "ఐ డోంట్ నో వేర్ హి ఈజ్" అన్నది ఓ తగిలించిన మాట. తెలుగులో వరస కదలదు కాబట్టి మనం ఇంగ్లిష్‌లోనూ కదిలించం, "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి" అనేస్తాం. నా చుట్టూ ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా ఇలాగే అంటారు. "వస్తాడో రాడో" అనేదానికి "వెదర్" పెట్టాలని కూడా అప్పుడే తెలిసింది. అంతకు ముందు "ఐ డోంట్ నో హి విల్ కమ్ ఆర్ నాట్" అనేవాణ్ని.

"అని" మాత్రం కష్టపెట్టింది. మనం ఎదుటివాడి మాటను ఉన్నదున్నట్టు చెప్పి చివర "అన్నాడు" అంటాం. "రేపు నేనే వస్తా అన్నాడు." దాన్ని నేను "హి సెడ్ ఐ విల్ కమ్ టుమారో" అంటే, విన్నవాడు వచ్చేది నేననుకుంటాడు. "హి సెడ్ హి వుడ్ కమ్". నేను హి కావాలి, విల్ వుడ్ కావాలి, చెప్పేది మర్నాడైతే టుమారో కూడా మారాలి. మాట్లాడే వేగంలో ఇన్ని మార్పులు గుర్తుండవు. పుస్తకంలో దీనికి కేటాయించింది రెండే పేజీలు. కనీసం పది ఉండాలి.

నచ్చింది చెప్పాను, నచ్చనివి ఇంకొన్ని. ఇద్దరు నేర్చుకునేవాళ్లు కలిసి మాట్లాడుకుంటే ఇద్దరి తప్పులూ ఒకటే అవుతాయి. "ద మ్యాన్ హూ ఐ మెట్ హిమ్" అని నేనూ సారూ ఏడాది పాటు హాయిగా అనుకున్నాం. "హూ" ఉన్నాక మళ్లీ "హిమ్" అక్కర్లేదని ఇంటర్ చదివే మా బిడ్డ విని చెప్పింది, అదీ నవ్వాపుకుంటూ. కోర్సులో సందేహాలు పంపే చోటు ఉంది, మూడుసార్లు పంపితే ఒక్కసారీ జవాబు రాలేదు. కాబట్టి ఈ పద్ధతికి తప్పు పట్టేవాళ్లు ఒకరు బయటి నుంచి ఉండాలి.

రెండోది, కామా. మాటల్లో కామా కనిపించదు. మా ఆవిడ డ్వాక్రా గ్రూపు తరఫున ఒక దరఖాస్తు రాస్తూ "మై హస్బెండ్ హూ వర్క్స్ ఇన్ ఎ రైస్ మిల్" అని రాసింది. హస్బెండ్ తర్వాత కామా పెట్టకపోతే రైస్ మిల్లులో పనిచేసే భర్త అని విడిగా చెప్పినట్లు, అంటే ఇంకో భర్త వేరేచోట పనిచేస్తున్నట్లు అవుతుందని బిడ్డ వివరించింది. "ఇంకొకాయన ఏడ పనిచేస్తున్నడో గదీ రాయి మరి" అన్నాను. పెన్ను నా మీదికి వచ్చింది. ఇలాంటివి రాస్తేనే వస్తాయి, బస్సులో రావు. ఎవరిదో, దేనిదో చెప్పే "హూజ్" కూడా అంతే. "కాగితాలు సరిగ్గా లేని లారీ" అనడానికి నేను ఇప్పటికీ "ద లారీ విత్ నో పేపర్స్" అని తప్పించుకుంటాను.

ఆరు నెలల కింద పాలక్కాడ్ వ్యాపారి మిల్లు చూడటానికి స్వయంగా వచ్చాడు. ఆదివారం ఆయన్ను పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్లమని ఓనరు నాకు చెప్పాడు. కుందూరు చోళులు కట్టించిన గుడి. గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద పొద్దంతా ఒక స్తంభం నీడ నిలిచి ఉంటుంది. ఆయన ఆ నీడను చూసి, వెనక్కి తిరిగి మండపంలో స్తంభాలను చూసి, మళ్లీ నీడను చూశాడు. ఏ స్తంభం అని అడిగాడు. నాకు చెమట పట్టింది. తెలుగులో మనసులో అనుకున్నాను: ఏ స్తంభం నీడో చూసి చెప్పలేం. ఓ ఉంది. వరస తిప్పాలి. "యూ కెనాట్ టెల్ విచ్ పిల్లర్ ఇట్ కమ్స్ ఫ్రమ్" అన్నాను, తోకతో సహా.

ఆయన తలూపి, ఒక్కో స్తంభం ముందు నిలబడి తన నీడ పడుతుందేమో చూసుకుంటూ తిరిగాడు. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ, ఆ రోజు ఫోన్‌లో నువ్వు చెప్పిన లేటయిన పార్టీ ఎవరు అని అడిగాడు.

"ద పార్టీ వి పెయిడ్, సార్," అన్నాను.