నైరోబీలో దిగి కిజాబేకి: మిషనరీ స్నేహితుల ఇంట చిన్న మజిలీ

జొహానెస్‌బర్గ్ వెళ్తూ నైరోబీలో విమానం మారాల్సి వచ్చింది. ఎలాగూ దిగుతున్నాం కదా అని మజిలీని కాస్త పొడిగించుకుని, కెన్యాలోనే కిజాబే అనే ఊళ్లో మిషనరీలుగా పనిచేస్తున్న స్నేహితుల ఇంటికి వెళ్లాం. ఆయన అక్కడి ఆసుపత్రిలో మత్తు ఇచ్చే నర్సులకు శిక్షణ ఇస్తారు. ఆవిడ చిన్నపిల్లలకు చదువు చెబుతారు. చేతిలో ఒక్క రాత్రే ఉంటే మాత్రం నైరోబీ దాటకండి, రాకపోకలకే సరిపోతుంది. రెండు రాత్రులుంటే ఆలోచించక్కర్లేదు, వెళ్లాల్సిందే.

ముందు కాగితాల సంగతి. కెన్యా 2024 జనవరిలో వీసా తీసేసి ఈటీఏ, అంటే ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి, పెట్టింది. బస ఎక్కడో అందులో చూపించాలి కాబట్టి స్నేహితుల చేత ఆహ్వాన లేఖ రాయించుకున్నాం. ఎల్లో ఫీవర్ టీకా ఇంకా ముఖ్యం. కెన్యాలో ఆగి వచ్చారంటే దక్షిణాఫ్రికా ఆ టీకా కార్డు అడుగుతుంది, తిరిగొచ్చాక మన దేశమూ అడుగుతుంది. వేయించుకున్న పది రోజులకు గానీ అది చెల్లదు, ఆపైన జీవితాంతం పనికొస్తుంది. ఇంకో మాట, 2017 నుంచి అక్కడ ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం. పచ్చడి సీసాలకు నాలుగు కవర్లు చుట్టే అలవాటు మానుకుని పాత లుంగీలో చుట్టాం, చుక్క కారలేదు.

ఎయిర్‌పోర్టు నుంచి యాప్‌లో బుక్ చేసిన కారతను సామాను ఎక్కించాక, వెనక్కి ఖాళీగా రావాలంటూ రేటు దాదాపు రెట్టింపు చేశాడు. దించేసుకుని, మావాళ్లు ఫోన్‌లో కుదిర్చిన డ్రైవర్‌తో వెళ్లాం. ఊరి ట్రాఫిక్ దాటాక లిమూరు దగ్గర టీ తోటలు. కెన్యాలో తేయాకు మొదట నాటింది ఇక్కడే, 1903లో. కిమెండె దగ్గర హైవే వదిలాక దారి మలుపులు తిరుగుతూ కిందికి దిగుతుంది.

కిజాబే రిఫ్ట్ లోయ (తూర్పు ఆఫ్రికా పొడవునా నేల చీలి ఏర్పడిన పెద్ద లోయ) అంచున, సుమారు 2,200 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆఫ్రికా కదా అని పల్చటి బట్టలతో వెళ్తే జులైలో పళ్లు కొట్టుకుంటాయి. మేం చేరేసరికి మంచు ముసురుకుని, ఎదురుగా ఉండాల్సిన లాంగోనాట్ అగ్నిపర్వతం కనిపించనే లేదు. మర్నాడు పొద్దున మాత్రం వంటింటి కిటికీలోంచి దాని నోరు అంచులతో సహా కనబడింది.

ఆ ఇంట్లో పొయ్యి, నేతగుడ్డ కర్టెన్లు, మా మంచం మీద రెండు రబ్బరు వేడినీళ్ల సంచులు. రాత్రి భోజనం మధ్యలో ఆయనకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, మీరు తినేయండి, నాకోసం చూడొద్దు" అంటూ ఒక చేత్తో చపాతీ చుట్టుకుని, రెండో చేత్తో జాకెట్ తగిలించుకుని వెళ్లిపోయారు. తెల్లారేదాకా రాలేదు. ఇలాంటి ఇంటికి అతిథిగా వెళ్లేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. వాళ్లు సెలవులో లేరు, మనమే సెలవులో ఉన్నాం. పైగా నెల గడిచేది ఎక్కడో ఉన్న చర్చి సంఘాలు పంపే సపోర్ట్‌తో. డబ్బిస్తే తీసుకోరు, అందుకని దారిలోనే సరుకులు కొనుక్కెళ్లాం. పప్పులూ మసాలాలూ నైరోబీ పార్క్‌లాండ్స్‌లో దొరుకుతాయి. దొరకనిది ఇంటి ఆవకాయ. ఆవిడ సీసా మూత తీసి వాసన చూసి, "వదినా, దీన్ని నేను దాచేస్తున్నా" అన్నారు. ఊళ్లో గెస్ట్‌హౌస్ గదులూ ఉన్నాయి. ఈసారి పడక అక్కడ పెట్టుకుని, భోజనానికి మాత్రం వీళ్లింటికి వస్తాం. వాళ్లకూ నిద్ర మిగులుతుంది.

చూడటానికి పెద్దగా ఏమీ లేవు, అదే బాగుంది. 1915లో మొదలైన ఆసుపత్రి, 1906 నాటి రిఫ్ట్ వ్యాలీ అకాడమీ అనే బడి. ఆ బడి భవనానికి 1909లో పునాదిరాయి వేసింది అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్. మై మహియు ఊరి వైపు కొండ కింద, రోడ్డు వేయడానికి తెచ్చిన ఇటలీ యుద్ధఖైదీలు 1942లో కట్టిన బుల్లి చర్చి తప్పకుండా చూడండి. లోపల పట్టుమని ఇరవై మంది పట్టరు. హైవే పక్కన వ్యూపాయింట్ దుకాణాలు మాత్రం వదిలేయొచ్చు. గొర్రెతోలు టోపీలు అంటగట్టేవాళ్ల మధ్య లోయ చూసే తీరికే దొరకదు.

మజిలీలో ఆదివారం వస్తే ఆరాధనకు రమ్మంటారు. కొత్తవాళ్లని లేపి నిలబెట్టి ఒక మాట చెప్పమంటారు, నేను వందనాలు చెప్పి కూర్చున్నాను. పాటలు, సాక్ష్యాలు, ప్రసంగం, ఆపైన చాయ్, అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. ఆ సాయంత్రానికి విమానం టికెట్ పెట్టుకుంటే టెన్షన్ తప్పదు.