క్లాక్ టవర్ దగ్గర నాకౌట్ చార్టు ఫ్లెక్స్: ప్రింటింగ్ బాగుంది, ప్రూఫ్ మీరే చూసుకోండి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి ఈ ఫ్లెక్స్ షాపులో వేయించింది 1955-56 యూరోపియన్ కప్ (యూరప్ క్లబ్బుల ఫుట్‌బాల్ టోర్నీ) చార్టు, అంటే ఆ టోర్నీ మొట్టమొదటి సీజన్. 6x4 అడుగుల్లో 16 జట్లూ ఇరుకు లేకుండా పట్టాయి. అంచు మడిచి అతికించారు, మూలలకు రింగులు కొట్టారు. వంక పెట్టేదేం లేదు.

తిప్పలన్నీ డిజైన్ దగ్గరే. వీళ్ల రెడీమేడ్ డిజైన్ కబడ్డీ టోర్నమెంట్లది, జోడీకి ఒకటే స్కోరు గడి. ఇక్కడ ఫైనల్ తప్ప ప్రతి జోడీకీ రెండు మ్యాచులు, కాబట్టి మూడు గళ్లు కావాలి: మొదటిది, రెండోది, మొత్తం. క్వార్టర్స్‌లో రియల్ మాడ్రిడ్ సొంత మైదానంలో బెల్‌గ్రేడ్ జట్టు పార్టిజాన్‌ను 4-0తో కొట్టి, బెల్‌గ్రేడ్‌లో 0-3తో ఓడింది. రెండు మ్యాచుల గోల్స్ కలిపితే 4-3, ఒక్క గోల్‌తో గట్టెక్కిందని ఒంటి గడిలో ఎట్లా తెలుస్తది?

యూనికోడ్‌లో (ఫోన్లో టైపు చేసే మామూలు తెలుగులో) పంపిన పేర్లను డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లోకి అట్లనే అతికిస్తే వత్తులు చెదిరిపోతాయి, మళ్లీ టైపు కొట్టించాలి. తెలిసిన క్లబ్బు కదా అని చెల్సీని కూడా ఇరికించారు. ఆ సీజన్‌లో చెల్సీ తప్పుకుంది, దాని బదులు ఆడింది వార్సా జట్టు గ్వార్డియా. పారిస్ ఫైనల్ స్కోరు మాత్రం సరిగ్గానే పడింది: రియల్ 4, రీమ్స్ 3.

గోడకైతే మ్యాట్ అడగండి, మెరిసే రకం ట్యూబ్‌లైట్ కింద చదవనియ్యదు.