పూత రాలుడుకి ఎన్‌ఏఏ మందు: ఆనందపురం దగ్గర మా తోటలో వాడి చూశాక

ఎండలు ముదిరాక విశాఖ పక్కన ఆనందపురం, పద్మనాభం వైపు కూరగాయలు వేసే ఎవరిని కదిపినా ఇదే మాట, పూత విరగబూస్తుంది కానీ నిలవదు. దానికి మందుల కొట్లో ఇచ్చేది ఎక్కువగా ఈ ఎన్‌ఏఏ (నాఫ్తలీన్ ఎసిటిక్ యాసిడ్) 4.5 శాతం మందే. ప్లానోఫిక్స్ పేరుతో చాలామందికి తెలుసు. నేను కొన్నది వేరే కంపెనీది, లోపల ఉన్న మందు మాత్రం అదే. మిరప, వంగ, టమాటా మూడింటికీ కొట్టాను.

ముందు ఇదేం చేస్తుందో తెలియాలి. టమాటా పూకాడ మధ్యలో చిన్న కణుపు ఉంటుంది, దగ్గరగా చూడండి. వేడికి మొక్క తట్టుకోలేనప్పుడు పూత రాల్చే ఇథిలిన్ అనే హార్మోను పెరిగి, పూతని నిలబెట్టే ఆక్సిన్ అనే హార్మోను తగ్గుతుంది, అప్పుడు ఆ కణుపు పసుపు తిరుగుతుంది, వేలు తగిలితే చాలు పువ్వు అక్కడికి ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. ఎన్‌ఏఏ ఆక్సిన్ లాంటి పనే చేసే హార్మోను, ఆ తెగడాన్ని ఆపుతుంది, అంతే. ఇది ఎరువు కాదు, పురుగు మందు కాదు. తామర పురుగు వల్లో వైరస్ వల్లో పూత రాలుతుంటే సీసా మొత్తం కొట్టినా లాభం లేదు.

మిరపలో ఫలితం స్పష్టంగా కనిపించింది. పక్కన ఒక సాలు కొట్టకుండా వదిలేశాను, ఆ సాలు కింద నేలంతా తెల్లగా పూత రాలి ఉంటే కొట్టిన సాళ్ల కింద బాగా తక్కువ. వంగ కూడా ఫర్వాలేదు. టమాటాలో మాత్రం సగం సంతృప్తే. పూత ఆగింది, కాయ కట్టింది, కానీ చాలా కాయలు చిన్నవి, కోస్తే గింజ తక్కువ. ఎందుకంటే పగలు 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతింటుంది, దాన్ని ఈ మందు బాగుచెయ్యలేదు. పైగా మన విశాఖలో సముద్రం పక్కన మే నెల రాత్రులు కూడా 27, 28 డిగ్రీల దగ్గరే ఉంటాయి, టమాటాకి రాత్రి 20 చుట్టూ ఉంటే కాయ బాగా కడుతుంది. ఎంవీపీ కాలనీ రైతు బజారులో ఆ చిన్న కాయలకి రేటు ఏం వస్తుందో అమ్మేవాళ్లకి తెలుసు.

మోతాదు విషయంలో మాత్రం దయచేసి జాగ్రత్తగా ఉండండి. 4.5 లీటర్ల నీళ్లకి 1 మిల్లీలీటరు, అంటే 10 పీపీఎం (లీటరు నీళ్లలో 10 మిల్లీగ్రాముల ఎన్‌ఏఏ). 15 లీటర్ల ట్యాంకుకి 3.3 మిల్లీలీటర్లు, సిరంజితో కొలవాలి, మూతతో అంచనా వేస్తే కుదరదు. నాకు అమ్మినాయన "ఎండ ఎక్కువుంది కదా బాబూ, డబుల్ వెయ్యండి" అన్నాడు. ఈ మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆపిల్ తోటల్లో కాపు ఎక్కువైతే పిందెలు రాల్చడానికి వాడేది కూడా ఇదే ఎన్‌ఏఏ! మోతాదు మించితే మొక్క తనే ఇథిలిన్ ఎక్కువ తయారుచేస్తుంది, అప్పుడు నిలబెట్టాల్సిన మందే పూత రాలుస్తుంది.

ఇంకోటి, తడి లేకుండా కొట్టకండి. ముందు రోజు నీళ్లు పెట్టి, మొదళ్ల దగ్గర గడ్డి పరిచి, మర్నాడు సాయంత్రం ఎండ తగ్గాక కొట్టిన చోటే మాకు బాగా పనిచేసింది. వాడిపోయి తలవాల్చిన మొక్కకి ముందు కావాల్సింది నీళ్లు. అలాగే అక్టోబరు వానలకి చేలో నీళ్లు నిలిచి టమాటా ఆకులు కిందకి వంగితే అదీ ఇథిలిన్ పనే, కానీ అక్కడ ముందు కాలవ తీసి నీళ్లు బయటకి పంపాలి, సీసా తర్వాత సంగతి.

అదే కొట్లో లేబులే సరిగ్గా లేని టానిక్ ఒకటి కూడా అంటగట్టబోయారు, నేను తీసుకోలేదు. ఎన్‌ఏఏ, జిబ్బరెల్లిన్ లాంటి మొక్కల హార్మోను మందులు 1968 నాటి పురుగుమందుల చట్టం కిందకి వస్తాయి, సీసా మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. సముద్రపు నాచు రసాల్లాంటి టానిక్కులు 2021 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకి వచ్చాయి. నంబరు, బిల్లు, ఈ రెండింట్లో ఏది లేకపోయినా కొనొద్దు.

మిరప, వంగ వేసేవాళ్లకి ఐదుకి నాలుగు ఇస్తాను, వేసవి టమాటాకి రెండున్నరే. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు అనుకుంటే సుమారు 45 మిల్లీలీటర్లు పడుతుంది, 100 మిల్లీలీటర్ల సీసా రెండెకరాలకి ఒక దఫా వస్తుంది. మధురవాడ, సీతమ్మధార మేడల మీద కుండీలు పెంచేవాళ్లకి అంత అక్కర్లేదు, దొరికినంతలో చిన్న సీసా తీసుకోండి, పంచుకోవడానికి కూల్‌డ్రింక్ బాటిల్లో మాత్రం పొయ్యకండి, ఇంట్లో పిల్లలుంటారు.