మజిలీని బట్టి చార్జర్: మోటార్‌హోమ్‌లో సోలార్ కంట్రోలర్, బ్యాటరీ చార్జర్ మార్పిడి

మోటార్‌హోమ్‌లో చార్జర్ నాసిరకమో కాదో బండి ఇంటి ముందు ఆగి ఉన్నప్పుడు తెలియదు. రోజుల తరబడి ప్లగ్‌లో ఉంచితే ఏ చార్జరైనా బ్యాటరీని నింపేస్తుంది. కరెంటు లేని చోట వరసగా మూడు రాత్రులు గడిపితే మూడో తెల్లారేసరికి నీళ్ల పంపు మూలుగుతుంది, చార్జర్ బండారం అప్పుడు బయటపడుతుంది. అందుకే కొత్తది కొనే ముందు మీ రాత్రులు ఎక్కువగా ఎక్కడ గడుస్తున్నాయో చూసుకోండి.

బండికి ప్లగ్ పెట్టుకునే కరెంటు స్తంభం ఉన్న క్యాంప్‌సైటుల్లోనే ఎక్కువగా దిగేవారికి సోలార్ కంట్రోలర్ (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు అందించే పెట్టె) కన్నా చార్జర్ ముఖ్యం. చాలా పాత చార్జర్లు 13.6 వోల్టుల దగ్గర ఆగిపోయే రకం. ఆ వోల్టేజీకి లెడ్ యాసిడ్ బ్యాటరీ చివరి 20 శాతం నిండటానికి ఒక్క రాత్రి చాలదు. రోజుకో ఊరు మారే ప్రయాణంలో బ్యాటరీ ఎన్నడూ నిండదు, ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి కెపాసిటీ పడిపోతుంది. ముందు 14.4 వరకు ఎక్కించి, కాసేపు అక్కడే నిలిపి, తర్వాత 13.6కి దిగే మూడు దశల చార్జర్ కావాలి. సైజు విషయానికొస్తే, లెడ్ బ్యాటరీకి కెపాసిటీలో 10 నుంచి 20 శాతం, అంటే 200 ఆంపియర్ అవర్లకు 20 నుంచి 40 ఆంపియర్లు.

స్తంభం కెపాసిటీ కూడా చూడాలి. 6 ఆంపియర్ల స్తంభం 230 వోల్టుల దగ్గర ఇచ్చేది 1,380 వాట్లు. 30 ఆంపియర్ల చార్జర్ దాంట్లో సుమారు 500 వాట్లు తీసుకుంటుంది. మిగిలిన దాంతో ఫ్రిజ్ నడుస్తుంది గానీ, 2,000 వాట్ల కెటిల్ పెడితే బ్రేకర్ పడిపోతుంది. కరెంటును సగానికి తగ్గించుకునే సెట్టింగు ఉన్న చార్జర్ అలాంటి చోట ఆదుకుంటుంది.

అడవి మజిలీ సంగతి వేరు. చెట్ల నీడలో ఎంపీపీటీ (ఖరీదైన రకం సోలార్ కంట్రోలర్) అద్భుతాలు చేస్తుందని నమ్మి డబ్బు పెట్టకండి. ప్యానెల్ మీద ఎండ లేకపోతే ఏ కంట్రోలరూ పుట్టించలేదు. ఎంపీపీటీ లాభం ఎక్కడంటే, 18 వోల్టులు, 5.5 ఆంపియర్లు ఇచ్చే 100 వాట్ల ప్యానెల్‌ను పీడబ్ల్యూఎం అనే మామూలు రకం కంట్రోలర్ బ్యాటరీ వోల్టేజీకి దించేస్తుంది, చేతికొచ్చేది 70 వాట్లే. ఎంపీపీటీ ఆ ఎక్కువ వోల్టేజీని కరెంటుగా మారుస్తుంది. చల్లటి వాతావరణంలో, బ్యాటరీ బాగా దిగిపోయినప్పుడు ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మండుటెండలో ప్యానెల్ వేడెక్కి వోల్టేజీ తగ్గినప్పుడు అంత ఉండదు. అయితే ఇళ్ల మీద పెట్టే 30 వోల్టుల పైబడిన ప్యానెళ్లు వాడితే మాత్రం ఎంపీపీటీ తప్ప వేరే దారి లేదు.

కొండల్లో ప్రమాదం ఇంకో రకం. 22.5 వోల్టుల ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (ఏమీ తగిలించనప్పటి వోల్టేజీ) ఉన్న రెండు ప్యానెళ్లను సిరీస్‌లో కలిపితే 45. 25 డిగ్రీల నుంచి ఒక్కో డిగ్రీ తగ్గినకొద్దీ ఈ వోల్టేజీ సుమారు 0.3 శాతం పెరుగుతుంది. మైనస్ 10 డిగ్రీల దగ్గర 49.7కి చేరుతుంది. కంట్రోలర్ పరిమితి 50 వోల్టులే అయితే, రాత్రంతా గడ్డకట్టిన ప్యానెల్ మీద తొలి ఎండ పడగానే కంట్రోలర్ కాలిపోయే అవకాశం ఉంది. 75 లేదా 100 వోల్టులది తీసుకోండి. ఆంపియర్ల లెక్క తేలికే. 12 వోల్టుల బ్యాటరీకి 400 వాట్ల ప్యానెళ్లుంటే 30 ఆంపియర్లది సరిపోతుంది.

ఇక పని ఎవరిచేత, ఎక్కడ చేయించాలి? కార్ల ఎలక్ట్రీషియన్‌కు 12 వోల్టుల వైరింగు చేతిలో పని, కానీ చార్జింగు దశల మీద పట్టింపు తక్కువ. ఇళ్లకు సోలార్ బిగించేవాళ్లకు ప్యానెల్ వైపు బాగా తెలుసు, బ్యాటరీ పక్కన పెట్టాల్సిన ఫ్యూజు వాళ్ల ఆలోచనలోకి రాదు. పడవల ఎలక్ట్రీషియన్ దొరికితే మాత్రం వదలకండి. కుదుపు, తేమ, లావు వైర్లు అతనికి రోజువారీ వ్యవహారం. ఎవరినైనా ఒకటే అడగండి: "వైరు సైజు ఎలా లెక్కగడతారు?" జవాబులో పొడవు ప్రస్తావన రాకపోతే బండి తీసేయండి.

ఆ పొడవు ఎందుకంటే, కంట్రోలర్ నుంచి బ్యాటరీకి 3 మీటర్లయితే రానూపోనూ 6 మీటర్లు. 6 స్క్వేర్ ఎం.ఎం. వైరులో 30 ఆంపియర్లు పారితే అర వోల్టు దారిలోనే పోతుంది. కంట్రోలర్ 14.4 చేరాననుకుంటుంది, బ్యాటరీకి అందేది 13.9. కరెంటు ముందే తగ్గిపోతుంది, గంటలు గడిచినా బ్యాటరీ నిండదు. చెడిపోయిందని తీసిపారేసే కంట్రోలర్లలో కొన్నింటి అసలు రోగం ఇదే. 16 స్క్వేర్‌లో ఈ నష్టం 0.2 వోల్టులే. ఆ వైరు మీద, బ్యాటరీకి జానెడు దూరంలో 40 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి.

సొంతంగా చేసుకునేవారు స్తంభం ఉన్న చోట రెండు రాత్రులు ఆగేలా ప్లాను వేసుకోండి. బిగింపు ఒక పూట పనే, కానీ పరీక్షకు ఒక రాత్రి, ఒక మిట్టమధ్యాహ్నం కావాలి.

విప్పే ముందు ఫోటోలు తీసి, ప్రతి వైరుకూ టేపు మీద పేరు రాయండి. స్తంభం ప్లగ్ తీసేయండి, ఇన్వర్టర్ ఆపేయండి, చార్జర్ ఇన్‌పుట్‌లో వోల్టేజీ సున్నా అని మీటరుతో చూశాకే చెయ్యి పెట్టండి. తర్వాత ప్యానెళ్ల మీద మందపాటి దుప్పటి కప్పి ముందు ప్యానెల్ వైర్లు విప్పాలి, ఆ తర్వాతే బ్యాటరీవి. ఎండలో కరెంటు పారుతుండగా ఎంసీ4 కనెక్టర్ (ప్యానెల్ వైర్లను కలిపే ప్లగ్) లాగితే లోపల మెరుపు లేచి పిన్నులు నల్లబడతాయి. బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది: ముందు బ్యాటరీ, చివర ప్యానెల్. చాలా కంట్రోలర్లు బ్యాటరీని చూసే 12 వోల్టుల సిస్టమా, 24దా అని తేల్చుకుంటాయి. కంట్రోలర్‌ను దాని ఫిన్నులు (వేడిని వదిలే రెక్కలు) నిలువుగా ఉండేలా, కిందా పైనా 10 సెంటీమీటర్ల ఖాళీతో బిగించండి. నీళ్లు పోసే బ్యాటరీకి నేరుగా పైన మాత్రం వద్దు, దాని గ్యాసు పైకే వస్తుంది.

చార్జర్ 230 వోల్టుల వైపు పనిని అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదలండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్), చాసిస్‌కు ఎర్తింగ్ తప్పనిసరి. ఫ్యూజులు, పంపు స్విచింగు, చార్జర్ అన్నీ ఒకే పెట్టెలో వచ్చే బండ్లలో ఆ పెట్టెను పీకేయకండి. లోపలి చార్జర్‌ను మాత్రం ఆపి, కొత్తదాన్ని విడిగా పెట్టండి. బ్యాటరీ మానిటర్ ఉంటే కొత్త చార్జర్, కంట్రోలర్ల మైనస్ వైర్లు షంటుకు (మానిటర్ కోసం కరెంటును కొలిచే ముక్క) లోడు వైపున చేరాలి. నేరుగా బ్యాటరీ పోస్టుకు ఇస్తే ఎక్కిన చార్జి లెక్కలోకి రాదు. ఇన్వర్టర్ నడిపే సాకెట్లకు చార్జర్ ప్లగ్ పెట్టడం మరో మామూలు పొరపాటు. స్తంభం తీసేసినా చార్జర్ లైటు వెలుగుతూనే ఉంటుంది, బ్యాటరీ తనను తాను చార్జ్ చేసుకుంటూ ఖాళీ అవుతుంది!

సెట్టింగుల్లో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి చార్జింగు వోల్టేజీ 14.2 నుంచి 14.4, ఫ్లోట్ (నిండాక నిలిపే వోల్టేజీ) 13.5. ఈక్వలైజ్ (అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజీతో చార్జ్ చేయడం), టెంపరేచర్ కాంపెన్సేషన్ (వేడిని బట్టి వోల్టేజీ మార్చడం) రెండూ ఆపేయాలి. సున్నా డిగ్రీల కింద దాన్ని చార్జ్ చేయకూడదు. ఆ రక్షణ బీఎంఎస్‌లో (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఉందో లేదో చూసుకోండి. లెడ్ రకాలకు కాంపెన్సేషన్ ఉండాలి, డిగ్రీకి సుమారు 24 మిల్లీవోల్టుల చొప్పున. ఏజీఎం అనే సీల్డ్ లెడ్ బ్యాటరీకి లేబుల్ మీదున్న అంకెనే నమ్మండి.

సాయంత్రం లైట్లు, ఫ్యాను వేసి బ్యాటరీని కొంత దించి, రాత్రి స్తంభానికి తగిలించండి. చార్జర్ టెర్మినళ్ల దగ్గర ఒకసారి, బ్యాటరీ పోస్టుల దగ్గర ఒకసారి కొలవండి. తేడా 0.2 దాటితే వైరో, లగ్గో (వైరు చివరి లోహపు కొస) తప్పు. పావుగంట తర్వాత ఒక్కో లగ్గు దగ్గరికీ వేలు పోనివ్వండి. మిగతావాటికన్నా వేడిగా ఉన్నదాని క్రింపింగు (వైరుకు లగ్గును నొక్కి బిగించడం) మళ్లీ చేయాలి. మర్నాడు ప్లగ్ తీసేసి మధ్యాహ్నం సోలార్ చూడండి, కానీ బ్యాటరీ నిండి ఉండగా చూడకండి. అప్పుడు 5 వాట్లు కనబడతాయి, ప్యానెల్ పోయిందని గుండె గుభేలుమంటుంది. స్క్రూలను మాత్రం వంద కిలోమీటర్లు నడిచాక, అందులో కొంత గతుకుల రోడ్డు తగిలాక, మరోసారి బిగించండి.