గేటు లోపలా, గేటు బయటా: ఎవరి కాపలా మేలు?

చిత్తూరు నుంచి చెన్నైలో మా ఇంటికొచ్చే చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న. దారిలో రాజీవ్‌గాంధీని చంపిన శ్రీపెరంబుదూరు బోర్డు చూసి ఉంటారు కదా, కాఫీ గ్లాసు చేతికివ్వగానే అడిగేస్తారు. పోయిన నెల పిన్ని వంతు. “ప్రధాని చేసిన మనిషికి కాపలా అంత పలచగా ఎలా ఉండిందిరా? వేరే దేశాల్లోనూ ఇంతేనా?”

ఒట్టి ఇంటి వరకే అయితే నాకు లండన్ నచ్చుతుంది. బ్రిటన్ ప్రధాని ఉండే 10 డౌనింగ్ స్ట్రీట్‌లో ఆఫీసూ కాపురమూ పక్కపక్కనే, రోజూ కాన్వాయ్ గొడవ ఉండదు. వీధి మొదట్లో గేట్లు 1989లో పెట్టారు. అయినా 1991 ఫిబ్రవరిలో ఐఆర్ఏ అనే ఐరిష్ సాయుధ సంస్థ వాళ్లు దగ్గర్లో ఆపిన వ్యాన్‌లోంచి మోర్టార్లు పేలిస్తే ఒకటి వెనక తోటలో పడింది. లోపల కేబినెట్ మీటింగ్ జరుగుతోంది, అందరూ బతికి బయటపడ్డారు. వైట్‌హౌస్ ముందు రోడ్డు మీదకి 1995 నుంచి బళ్లనే రానివ్వడం లేదు. ఢిల్లీలో మన ప్రధాని నివాసం 7 లోక్ కల్యాణ్ మార్గ్ అంటే ఒక ఇల్లు కాదు, ఐదు బంగళాలు. స్వీడన్‌లో 1986లో ప్రధాని పామే సినిమా చూసి కాపలా లేకుండా నడిచి వస్తుంటే కాల్చేశారు. అక్కడ ప్రధానికి అధికార నివాసం 1995లో గానీ ఏర్పడలేదు.

అయితే ఇవన్నీ గోడల లెక్కలు. 1984 అక్టోబర్ 31న ఇందిరాగాంధీ సఫ్దర్‌జంగ్ రోడ్డు ఇంటి నుంచి పక్కనే ఉన్న అక్బర్ రోడ్డు ఆఫీసుకి తోటలోంచి నడిచి వెళ్తున్నారు. కాల్చింది కాపలా ఉన్నవాళ్లే. ఆ దెబ్బకే 1985లో ప్రధాని కాపలా కోసం ఎస్పీజీ అనే ప్రత్యేక దళం పుట్టింది. 1988లో చట్టం చేశారు గానీ అది పదవిలో ఉన్న ప్రధానికీ కుటుంబానికీ మాత్రమే. 1989 ఎన్నికల్లో ఓడి రాజీవ్ దిగిపోయారు, ఎస్పీజీ కాపలా తీసేశారు. ప్రమాదం మాత్రం ఆయన్ని వదల్లేదు. 1991 మే 21 రాత్రి శ్రీపెరంబుదూరు సభలో కాళ్లకు దండం పెట్టే నెపంతో వంగిన అమ్మాయి నడుముకి బాంబు ఉంది.

అందుకే నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే: కుర్చీ దిగాక కాపలా ఎన్నాళ్లు? రాజీవ్ పోయాక మాజీ ప్రధానులనీ చట్టంలో చేర్చారు. 2019లో దాన్ని ఐదేళ్లకు కుదించారు. ఆ తర్వాత ముప్పును బట్టి సీఆర్పీఎఫ్ లాంటి బలగాల కాపలా ఉంటుందనుకోండి, గాలికి వదిలేయరు. కానీ ముప్పు ఎంతో తేల్చేది ఆనాటి ప్రభుత్వమే, నాకు గుచ్చుకునేది అదే. అమెరికాలో మాజీ అధ్యక్షుడికి జీవితాంతం సీక్రెట్ సర్వీస్ ఉంటుంది. మధ్యలో పదేళ్లకు తగ్గించి, 2013లో మళ్లీ జీవితాంతం చేశారు. నా ఓటు దానికే.

అదీ మంత్రకవచమేం కాదు. 2024 జులైలో ట్రంప్ మాజీగానే ఉన్నారు, చుట్టూ సీక్రెట్ సర్వీస్ ఉంది, అయినా ఒకడు తుపాకీతో సభకి దగ్గర్లోని కప్పెక్కి కాల్చాడు. చెవికి తగిలింది కాబట్టి సరిపోయింది. సభకొచ్చిన ఒకాయన మాత్రం చనిపోయాడు.

ఇదంతా చెబితే పిన్ని ఖాళీ గ్లాసు కింద పెట్టి, “బతికున్నన్నాళ్లూ అంటే ఆ ఖర్చంతా ఎవరు పెట్టుకోవాలి?” అంది. మనమే అన్నాను. “ఓడించేదీ మనమే కదా, పెట్టుకుందాంలే” అంది.