జీడిపప్పు కొటేషన్లు, సీఆర్‌ఎంలో మెయిల్ ట్రాకింగ్: కొన్నేళ్ళు వాడాక నా అభిప్రాయం

సీఆర్‌ఎం అంటే కస్టమర్ల వివరాలు, వాళ్ళకు పంపే మెయిళ్ళు ఒకచోట ఉంచే సాఫ్ట్‌వేర్. మనం పంపిన మెయిల్ తెరిచారా (ఓపెన్), అందులోని లింకు నొక్కారా (క్లిక్) అని అది లెక్క రాయడమే మెయిల్ ట్రాకింగ్. దానికోసం డబ్బు పెట్టాలా వద్దా అని అడిగేవాళ్ళకు నా జవాబు ఒక్కటే. క్లిక్కుల లెక్క కోసం పెట్టండి. ఓపెన్ల లెక్క కోసమైతే పెట్టకండి.

మాది ఒడిశాలోని బరంపురంలో జీడిపప్పు హోల్‌సేల్. సరుకు ఎక్కువగా పలాస-కాశీబుగ్గ నుంచి వస్తుంది, కొంత ఇటు గంజాం, గజపతి జిల్లాల నుంచి. కరోనాకు ముందు నుంచీ సీఆర్‌ఎం వాడుతున్నాం. ఏ కంపెనీదో చెప్పడం లేదు, ఎందుకంటే నేను రాసేది దాదాపు అన్నిటికీ వర్తిస్తుంది.

మా పార్టీలందరికీ మెయిల్ అక్కర్లేదు. రాయగడ, జయపురం, పర్లాకిమిడి వైపు కిరాణా, స్వీట్ షాపుల వాళ్ళు ఫోన్లోనే రేటు అడుగుతారు, "రెండు డబ్బాలు బస్సుకు వేసేయండి" అంటారు, బేరం అక్కడితో అయిపోతుంది. వాట్సాప్‌లో నీలం టిక్కు పడితే చూసినట్టే. మెయిల్ కావలసింది భువనేశ్వర్, విశాఖ, హైదరాబాద్, రాయ్‌పూర్‌లలో ఉన్న హోటళ్ళ పర్చేజ్ డిపార్ట్‌మెంట్లకు, సూపర్ మార్కెట్లకు, దీపావళికి గిఫ్టు ప్యాకెట్లు కొనే ఆఫీసులకు. వాళ్ళకు కొటేషన్ రాతలో ఉండాలి. 180, 240, 320 గ్రేడ్లు, తర్వాత బద్ద, ముక్క, ఒక్కోదానికి ఒక్కో రేటు. 320 అంటే పౌనుకు 300 నుంచి 320 పలుకులు తూగే గుండు పప్పు. అంకె తగ్గేకొద్దీ పలుకు పెద్దది, రేటు ఎక్కువ. ఈ రేట్లు నిలకడగా ఉండవు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు ఉద్దానం జీడి తోటలను పడగొట్టాక ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళు రేట్ల విషయంలో ఇంకా జాగ్రత్త పడ్డారు. అందుకని మేం కొటేషన్‌కు గడువు పెడతాం. గడువు దగ్గరపడుతుంటే అవతలివాళ్ళు చూశారో లేదో తెలియక టెన్షన్. ట్రాకింగ్ తీసుకున్నది ఈ ఒక్క కారణంతోనే.

ఇది పనిచేసే తీరు తెలిస్తే ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో తెలుస్తుంది. మనం పంపే మెయిల్లో సీఆర్‌ఎం ఒక చిన్న బొమ్మ పెడుతుంది. ఒక పిక్సెల్ వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తు, రంగు ఉండదు, కంటికి కనపడదు. ఒక్కో మెయిల్‌కు ఆ బొమ్మ చిరునామా వేరు. అవతలివాళ్ళు మెయిల్ తెరిస్తే ఆ బొమ్మ సర్వర్ నుంచి దిగుతుంది, అప్పుడు సీఆర్‌ఎం "ఓపెన్" అని రాసుకుంటుంది. లింకుల పద్ధతి వేరు. మనం ఇచ్చిన లింకును సీఆర్‌ఎం తన సర్వర్ మీదుగా తిప్పుతుంది. నొక్కినవాళ్ళు ముందు అక్కడికి వెళ్ళి, లెక్కలో పడి, తర్వాత మన పేజీకి చేరతారు.

అంటే ఓపెన్ అన్నమాటకు అసలు అర్థం ఎవరో ఆ బొమ్మను దింపారని మాత్రమే. మనిషి మెయిల్ చదివాడని కాదు. రిజిస్టర్ పోస్టుకు సంతకంతో తిరిగొచ్చే అక్నాలెడ్జిమెంట్ కార్డులా దీన్ని చూసేవాళ్ళు చాలామంది, చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

జీమెయిల్ 2013 డిసెంబరు నుంచి బొమ్మలను తన సొంత సర్వర్ల ద్వారా చూపిస్తోంది. అందువల్ల చూసిన ఊరు ఏదో మనకు తెలియదు. జయపురంలో ఉన్న పార్టీ మెయిల్ తెరిస్తే మా స్క్రీను మీద అమెరికా అని పడేది. ఇది చిన్న విషయమే, ఊరు చూడటం మానేస్తే సరిపోతుంది. 2021 సెప్టెంబరులో యాపిల్ ఐఓఎస్ 15తో తెచ్చిన మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ మాత్రం లెక్కనే మార్చేసింది. అది ఆన్ చేసుకున్నవాళ్ళ మెయిల్లో బొమ్మలను యాపిల్ సర్వర్లే ముందుగా దింపేస్తాయి, మనిషి మెయిల్ తెరిచినా తెరవకపోయినా. ఆ ఏడాది దీపావళి సీజన్లో మా ఓపెన్ల శాతం ఒక్కసారిగా పెరిగింది. ఆర్డర్లు మాత్రం పెరగలేదు.

దీనికి సరిగ్గా ఎదురు తప్పు ఔట్‌లుక్‌లో. ఆఫీసు కంప్యూటర్లలోని ఔట్‌లుక్ బయటి బొమ్మలను మామూలుగా ఆపేస్తుంది. మెయిల్ మొత్తం చదివి, ప్రింటు తీసి, పై అధికారి చేత సంతకం పెట్టించుకున్నవాళ్ళు కూడా మా లెక్కలో "తెరవలేదు" అనే ఉన్నారు. ఒక వైపు చదవనివాళ్ళు చదివినట్టు, ఇంకో వైపు చదివినవాళ్ళు చదవనట్టు. ఇక సగటు తీసి ఏం లాభం?

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడికి ఈ తేడాలు ఇంకా ఎవరూ చెప్పలేదు. ఓపెన్ కాగానే మోగే నోటిఫికేషన్ చూసి ఒక హోటల్ పర్చేజ్ మేనేజరుకు ఫోన్ చేశాడు: "సార్, ఇప్పుడే మా కొటేషన్ చూస్తున్నారు కదా, ఏమనుకుంటున్నారు?" ఆయన ఇచ్ఛాపురం వైపు మనిషి, మా దగ్గర ఎన్నాళ్ళ నుంచో సరుకు కొంటున్న పెద్దాయన. "నేనింకా మెయిలే తెరవలేదు బాబూ. అయినా నేను చూస్తే నీకెలా తెలుస్తాది? నా టేబుల్ మీద కెమెరా ఏటైనా పెట్టారేటి?" అన్నారు. ఆయనది ఐఫోన్. నోటిఫికేషన్ మోగించింది యాపిల్ సర్వర్. ఆ ఆర్డరు పోలేదు గానీ ఆయన మాటలో చనువు తిరిగి రావడానికి కొంత కాలం పట్టింది. ఆ వారమే ఓపెన్ నోటిఫికేషన్లు ఆఫీసు మొత్తానికి ఆపేశాం. ఈ సమీక్ష చదివి ఒక్క పనే చేస్తామంటే అది చేయండి. "మీరు చూశారని మాకు తెలుసు" అన్న మాట కస్టమర్‌తో ఏ రూపంలోనూ అనకూడదు. చూడటం, చూడకపోవడం వాళ్ళిష్టం.

ఇక క్లిక్కులు. ఈ ఫీచరు పెట్టిన డబ్బుకు న్యాయం చేసేది ఇక్కడే. కాకపోతే మెయిల్ రాసే పద్ధతి మార్చుకోవాలి. ఇదివరకు రేట్ల పట్టిక పీడీఎఫ్ అటాచ్ చేసి పంపేవాళ్ళం. మామూలు అటాచ్‌మెంట్ తెరిచారో లేదో సీఆర్‌ఎంకు తెలియదు. ఇప్పుడు మెయిల్లో నాలుగు వరుసలు, మూడు లింకులు: గుండు పప్పు రేట్లు, బద్ద-ముక్క రేట్లు, గిఫ్టు ప్యాకెట్లు. ఎవరు దేని మీద నొక్కారన్నదే మాకు కావలసిన సమాచారం. హోటలు వాళ్ళు సాధారణంగా ముక్క రేట్లు చూస్తారు, గ్రేవీలోకి రుబ్బే పప్పు గుండుగా ఉండాల్సిన పని లేదు. ఎప్పుడూ ముక్కే కొనే హోటలు గుండు పప్పు లింకు నొక్కిందంటే పెళ్ళిళ్ళ బుకింగులు గానీ, పండగ స్వీట్లు గానీ ఉన్నాయన్నమాట. అప్పుడు మేం 240 శాంపిల్ పంపుతామంటాం, క్లిక్ సంగతి ఎత్తకుండానే. మొదటిసారి నొక్కి ఊరుకున్నవాళ్ళ కంటే, కొద్ది రోజులాగి మళ్ళీ అదే లింకుకు వచ్చినవాళ్ళు ముఖ్యం. వాళ్ళు ఇంకెవరి రేటుతోనో పోల్చి చూస్తున్నారు. పొద్దున ఫోన్లు ఎవరితో మొదలుపెట్టాలో ఆ వరుసే చెబుతుంది. రాఖీ నుంచి దీపావళి దాకా చేతిలో మనుషులు తక్కువ, ఫోన్లు ఎక్కువ ఉండే మాలాంటి చోట ఇది నిజంగా పనికొచ్చింది. నేను ఈ ఫీచరును ఇంకా వదలకపోవడానికి కారణం ఇదే.

క్లిక్కుల్లోనూ కల్తీ ఉంది. పెద్ద కంపెనీల మెయిల్ సర్వర్ల ముందు భద్రతా సాఫ్ట్‌వేర్ ఉంటుంది. మెయిల్ లోపలికి వదలకముందే అది లింకులను తానే తెరిచి పరీక్షిస్తుంది. మా లెక్కలో అదీ క్లిక్కే. గుర్తుపట్టడం కష్టం కాదు. మెయిల్ చేరిన కొన్ని సెకన్లలోనే అన్ని లింకుల మీదా, అడుగున ఉన్న మ్యాపు లింకు మీద కూడా, ఒకేసారి క్లిక్కులు పడతాయి. మనిషి అలా నొక్కడు. కొన్ని సీఆర్‌ఎంలలో ఈ యంత్రాల క్లిక్కులను తీసేసే సెట్టింగు ఉంది, మాదాంట్లో అది ఆఫ్‌లో వచ్చింది, వెతికి ఆన్ చేసుకున్నాం. కొనేముందు డెమోలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే అంటాను. ఇంకో సంగతి, పర్చేజ్ మేనేజరు మెయిల్‌ను చెఫ్‌కు ఫార్వర్డ్ చేస్తే చెఫ్ నొక్కినా పేరు మేనేజరుదే పడుతుంది.

తిప్పి పంపే లింకుల వల్ల మరో ఇబ్బంది ఉంది. లింకు మీద మౌసు పెడితే మన వెబ్‌సైట్ పేరు బదులు ఏదో తెలియని పేరు కనపడుతుంది. జాగ్రత్త గల అకౌంటెంటు దాన్ని నొక్కడు, నొక్కకూడదు కూడా. పైగా ఆ పేరును వేల కంపెనీలు పంచుకుంటాయి. వాటిలో ఎవరో స్పామ్ పంపి బ్లాక్‌లిస్టులో పడితే మన మెయిలూ స్పామ్‌లోకి పోవచ్చు. దీనికి మందు సొంత ట్రాకింగ్ డొమైన్. మన డొమైన్ (వెబ్‌సైట్ పేరు) సెట్టింగుల్లో ఒక సీనేమ్ రికార్డు, అంటే మన పేరును సీఆర్‌ఎం సర్వర్‌కు కలిపే చిన్న నమోదు, పెడితే లింకులన్నీ మన పేరుతోనే కనపడతాయి. బయటివాళ్ళ చేత చేయించినా చిన్న పనే. అలాగే మెయిల్లో వెబ్ అడ్రసును అక్షరాలా టైపు చేసి దానికే లింకు ఇవ్వకండి. కనపడే అడ్రసు ఒకటి, వెళ్ళేది ఇంకొకటి అయితే ఫిల్టర్లు మోసం మెయిల్ అనుకుంటాయి. "బద్ద-ముక్క రేట్లు ఇక్కడ" అని మాటలతో రాస్తే చాలు.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నియమాలు కఠినమయ్యాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 మెయిళ్ళు దాటి పంపేవాళ్ళకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మన పేరుతో వచ్చిన మెయిల్ నిజంగా మనదేనా అని సరిచూసే డొమైన్ సెట్టింగులు) మూడూ ఉండాలి, ప్రచారం మెయిళ్ళకు ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. మా సంఖ్య అందులో పిసరంత కూడా కాదు. అయినా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా అందరికీ తప్పనిసరి. మేం మూడూ పెట్టించాం.

మన భాషల్లో రాసేవాళ్ళకు ఒక మాట. మేం ఒకే మెయిల్లో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ పెట్టి, పైన రంగురంగుల టెంప్లేట్ వాడేవాళ్ళం. జీమెయిల్ సుమారు 102 కేబీ దాటిన మెయిల్‌ను మధ్యలో కత్తిరించి, మిగతాది చూడాలంటే వేరే లింకు నొక్కమంటుంది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు, ఒడియా అక్షరాలు ఒక్కోటి కనీసం మూడు బైట్లు తీసుకుంటాయి, ఇంగ్లీషు అక్షరానికి ఒక్కటే. బరువైన టెంప్లేట్‌కు ఇది తోడైతే హద్దు తొందరగా దాటుతుంది. ట్రాకింగ్ బొమ్మ ఎక్కువగా మెయిల్ అడుగునే ఉంటుంది కాబట్టి కత్తిరింపులో అదీ పోతుంది, అన్‌సబ్‌స్క్రైబ్ లింకూ పోతుంది. ఇప్పుడు ఎవరి భాషలో వాళ్ళకు వేరే మెయిల్ పంపుతున్నాం, టెంప్లేట్ తీసేశాం. చదివేవాళ్ళకూ అదే హాయి. ఒడియాలో వచ్చిన మెయిల్‌కు ఒడియాలోనే జవాబు రాస్తున్న పార్టీలు ఉన్నాయి.

ఇంత చెప్పాక, ఇది కస్టమర్‌కు తెలియకుండా వాళ్ళ కదలికలు రాసుకునే పని అన్న సంగతి దాచకూడదు. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని మూల సూత్రం, మనిషి సమాచారం తీసుకునేముందు చెప్పి, ఒప్పుకోలు తీసుకోవాలని. చట్టం సంగతి అలా ఉంచినా, ఎదురుగా కూర్చుని బేరం చేసే పార్టీకి చెప్పలేని పని మెయిల్లో చేయడం నాకు నచ్చదు. అందుకే మా మెయిళ్ళ అడుగున ఒక వాక్యం ఉంటుంది: "ఏ రేట్లు ఎక్కువగా చూస్తున్నారో తెలుసుకోవడానికి ఈ లింకుల మీద నొక్కినవి లెక్కిస్తాం. వద్దనుకుంటే చెప్పండి, ఆపేస్తాం." వద్దన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు మళ్ళీ పీడీఎఫ్ అటాచ్ చేసి పంపుతున్నాం, వాళ్ళ పేరు మీద ట్రాకింగ్ పూర్తిగా ఆఫ్. వ్యాపారం వాళ్ళతోనూ బాగానే నడుస్తోంది.

ప్రస్తుతం మా దగ్గర ఓపెన్ ట్రాకింగ్ ఎవరికీ లేదు, క్లిక్ ట్రాకింగ్ వద్దననివాళ్ళందరికీ ఉంది. ఓపెన్ నోటిఫికేషన్ల కోసమే అమ్మే పై ప్లాను నుంచి కింది ప్లానుకు దిగాం. ఇంకా కావలసినవి రెండున్నాయి. యంత్రాల క్లిక్కులను దాచేయకుండా వేరే కాలమ్‌లో చూపించాలి. మనిషి క్లిక్కును యంత్రానిదని తీసేసిన సందర్భాలు కూడా చూశాం. రిపోర్టులు తెలుగులో, ఒడియాలో రావాలి, మా స్టాకు చూసే ఆయన ఇంగ్లీషు పట్టికతో ఇప్పటికీ ఇబ్బంది పడుతున్నారు.

సీఆర్‌ఎం మారే ఆలోచన ఉంటే పాత మెయిళ్ళలోని లింకుల గురించి ముందే అడగండి. అవన్నీ పాత కంపెనీ సర్వర్ మీదుగానే తిరుగుతాయి కాబట్టి ఖాతా మూసేశాక పనిచేయకుండా పోవచ్చు. పోయిన ఏడాది కొటేషన్ తీసి "ఈ రేటుకే ఇస్తారా" అని నొక్కే పార్టీలు మాకు ప్రతి దసరాకూ ఉంటారు.