మాంగోడీబీ కంపాస్: టైపుల తికమక పట్టేస్తుంది, సరిచేయడం మాత్రం మన పనే

ధర 500 దాటినవి అడిగితే సగం రికార్డులు రావట్లేదా? మాంగోడీబీ డేటాబేస్‌ని తెరిచి చూసే టూల్ కంపాస్‌లో స్కీమా ట్యాబ్‌కి వెళ్లి అనలైజ్ నొక్కండి. ఒకే ఫీల్డులో ఇంత శాతం స్ట్రింగ్ (అక్షరాలుగా దాచినది), ఇంత శాతం ఇంట్32 (పూర్ణాంకం) అని కంపాస్ విడగొట్టి చూపిస్తుంది. సంఖ్యతో పోల్చేటప్పుడు "750" అనే స్ట్రింగ్‌ని మాంగో లెక్కలోకే తీసుకోదు, ఎర్రరూ ఇవ్వదు. అసలు చిక్కు అక్కడే.

కాకపోతే అది చూసేది మామూలుగా 1000 డాక్యుమెంట్ల (రికార్డుల) శాంపిలే. లక్షల్లో పదో పరకో తేడావి ఉంటే జారిపోతాయి. ఫిల్టర్‌లో డాలర్ టైప్‌కి ($type) స్ట్రింగ్ అనిచ్చి వెతకాల్సిందే. మూకుమ్మడిగా మార్చాలంటే షెల్‌లో (కమాండ్లు టైప్ చేసే చోట) అప్‌డేట్‌మెనీకి (updateMany) పైప్‌లైన్, అంటే వరుస మార్పుల జాబితా, ఇవ్వాలి. అందులో స్ట్రింగ్‌ని సంఖ్యగా మార్చే టూడబుల్ ($toDouble) అయితే "1,250"లో కామా దగ్గరే చతికిలపడుతుంది. దాని బదులు కన్వర్ట్ ($convert) వాడి, మార్చలేనప్పుడు ఏం పెట్టాలో చెప్పే ఆన్‌ఎర్రర్‌లో (onError) పాత విలువనే ఉంచండి.

సీఎస్‌వీ ఇంపోర్టులో టైపు ఎంచుకోనివ్వడం బాగుంది. ఖాతా నంబర్లను మాత్రం స్ట్రింగ్‌గానే వదిలేయండి, లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి.